విడిచిన పేరు, తుడిచిన పేరు: విశాఖపట్నం రచనల్లో కర్తృత్వం, గ్రంథస్వామ్యం

వ్యాససంగ్రహం

ఒక రచన ఎవరిది అన్న ప్రశ్నకు చట్టం చెప్పే సమాధానం, సాహిత్యచరిత్ర చెప్పే సమాధానం ఎప్పుడూ ఒకటి కావు. చట్టం ఆ ప్రశ్నను హక్కుగా చూస్తుంది. సాహిత్యచరిత్ర దాన్ని కర్తృత్వంగా, బాధ్యతగా చూస్తుంది. 1805లో విశాఖపట్నానికి వచ్చిన తొలి మిషనరీల అనువాదం మొదలుకొని 1966 నాటి ఉక్కు నినాదం, 1970 నాటి విద్యార్థుల కరపత్రం, శ్రీశ్రీ చేతిరాత ప్రతి, నేటి సెల్‌ఫోను సందేశాల వరకు ఈ నగరంతో ముడిపడిన కొన్ని రచనలను ఆధారం చేసుకొని, రచన నుంచి కర్త పేరు ఎప్పుడు ఎందుకు తొలగిపోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కర్త తానుగా విడిచిన పేరు, ఇతరులు తుడిచివేసిన పేరు అనే రెండింటి మధ్య తేడాను గుర్తించాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: కర్తృత్వం, గ్రంథస్వామ్యం, మకుటం, చాటువు, నినాదం, కరపత్రం, శ్రీశ్రీ, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

తెలుగు బోధించేవారికి ఈ మధ్య తరచుగా ఎదురయ్యే అనుభవం ఒకటి ఉంది. విద్యార్థి ఒక వ్యాసం రాసి తెస్తాడు. అందులో శ్రీశ్రీ పేరు మీద నాలుగు పంక్తులు ఉంటాయి. ఆ పంక్తులు శ్రీశ్రీ సంపుటాల్లో ఎక్కడా కనబడవు. ఎక్కడివని అడిగితే సెల్‌ఫోనుకు వచ్చిన సందేశంలోవని సమాధానం. దీనికి తలకిందులైన అనుభవమూ ఉంది. ఒక యువకవి రాసిన కవిత పేరు లేకుండా వందల చేతులు మారి, చివరికి రాసినవారికే 'ఎవరో రాశారు, బాగుంది' అన్న వ్యాఖ్యతో తిరిగి వస్తుంది. మొదటి సందర్భంలో లేని కర్తను అంటించారు. రెండవ సందర్భంలో ఉన్న కర్తను తీసివేశారు.

ఈ రెండింటినీ సాంకేతికత తెచ్చిన కొత్త జబ్బులుగా భావించడం పరిపాటి. చరిత్రను గమనిస్తే అవి కొత్తవి కావని తెలుస్తుంది. అచ్చు, ఆకాశవాణి, క్యాసెట్టు, సినిమా, స్కానింగు యంత్రం వంటి ప్రతి సాధనమూ రచనకూ కర్తకూ మధ్య సంబంధాన్ని కొంత మార్చింది. ఆ మార్పును విశాఖపట్నం వంటి ఒక నగరానికి పరిమితం చేసి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. ఓడరేవు, విశ్వవిద్యాలయం, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ నగరం కర్త పేరుతో ప్రసిద్ధమైన రచనలను ఇచ్చింది; కర్త పేరు లేకుండానే తెలుగువారి ప్రజాజీవితాన్ని కదిలించిన రచనలనూ ఇచ్చింది.

2. అచ్చుకు ముందు: గద్య, మకుటం, చాటువు

తాళపత్ర యుగంలో కర్తకు గ్రంథం మీద ఆర్థిక హక్కు అనే భావన లేదు. ప్రతిని రాసుకోవడం నేరం కాదు, పుణ్యం. అయినా పేరు నిలుపుకోవాలన్న తపన కవులకు బలంగానే ఉండేది. ప్రబంధంలో ప్రతి ఆశ్వాసం చివరా వచ్చే గద్య కవి పేరు, తండ్రి పేరు, బిరుదులు చెప్తుంది. ఒక్క ఆశ్వాసమే విడిగా దొరికినా కర్త ఎవరో తెలిసేటట్లు చేసిన ఏర్పాటది. కావ్యాన్ని కన్యగా భావించి కృతిభర్తకు సమర్పించడం ఇంకొక ఏర్పాటు. కన్య అత్తవారింటికి వెళ్లినా పుట్టింటి పేరు పోనట్లే, కృతి ఎవరికి అంకితమైనా కవి పేరు గద్యలో నిలిచేది.

శతకంలో పరిస్థితి వేరు. మకుటం సాధారణంగా దేవుణ్ణి సంబోధిస్తుంది. గోగులపాటి కూర్మనాథకవి రాసిన సింహాద్రి నారసింహ శతకంలో మకుటం సింహాచల స్వామిది. కవి పేరు పద్యంతో పాటు ప్రయాణించదు. వేమన విషయంలో మకుటమే కవి పేరు. అందుకే ఎవరు ఆటవెలది అల్లి చివర ఆ మకుటం తగిలించినా అది వేమన పద్యంగా చెలామణి అయ్యే వీలు కలిగింది. వేమన పద్యాల సంఖ్య ఒక్కొక్క ప్రతిలో ఒక్కొక్క విధంగా ఉండటానికి ఇది ఒక ముఖ్యకారణం. ఇక చాటువులు పూర్తిగా నోటిమాటగా బతికినవి. కాస్త శృంగారం, కాస్త భోగం ఉన్న పద్యం శ్రీనాథుడి ఖాతాలోకి, కొంటెతనం ఉన్నది తెనాలి రామకృష్ణుడి ఖాతాలోకి చేరడం తెలుగునాట మామూలు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిగా వాటిని సంకలించకపోతే ఎన్నో పద్యాలు పేరుతో పాటు తామూ పోయేవి.

ప్రసిద్ధుడి పేరు తగిలిస్తే పద్యం ఎక్కువ దూరం వెళ్తుంది. ఈ సూత్రం చాటువు నాటిది. నేటి సందేశాల్లో శ్రీశ్రీ పేరు చేసే పని ఒకప్పుడు శ్రీనాథుడి పేరు చేసింది.

3. అనువాదకుడి పక్కన నిలిచిన మనిషి

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి 1805లో విశాఖపట్నం చేరారు. తెలుగు నేర్చుకొని బైబిలును తెలుగులోకి తేవడం వారి ప్రధాన కార్యక్రమాల్లో ఒకటి. ఆ పనిలో వారికి ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజి 1810లో మరణించారు. అప్పటికి సిద్ధమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తరువాత విశాఖ మిషనుకు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన అనువాదం మద్రాసులో అచ్చయింది. అనువాదం విశాఖలో, ముద్రణ వందల మైళ్ల దూరంలో జరిగిన కాలమది.

ఈ అనువాదాల చరిత్రలో కర్త స్థానంలో మొదట వినబడేది దొరల పేర్లే. ఆనందరాయర్ పేరు సహాయకుడిగా వస్తుంది. కొత్తగా భాష నేర్చుకుంటున్న విదేశీయుడికి, పుట్టుకతో ఆ భాష మాట్లాడే పండితుడికి మధ్య అనువాదంలో ఎవరి వాటా ఎంత అన్నది భాషాచరిత్రకు ముఖ్యమైన ప్రశ్న. ఆ వాక్యాల్లోని తెలుగు ఎవరిదో తేలితేనే 19వ శతాబ్ది ఆరంభంలో విశాఖ ప్రాంతపు వచనం ఎలా ఉండేదో చెప్పగలం.

ఇది ఒక్క విశాఖకే పరిమితం కాదు. కడపలో సి. పి. బ్రౌన్ తన ఇంట్లో పండితులను జీతానికి పెట్టుకొని కావ్యాల శుద్ధప్రతులు తయారుచేయించాడు. జూలూరి అప్పయ్య వంటి పండితుల పేర్లు నేడు మనకు తెలుస్తున్నాయంటే, బ్రౌన్ తన రాతల్లో వారిని ప్రస్తావించడం అందుకు ఒక కారణం. జీతం ఇచ్చినవాడు పేరు చెప్తే పండితుడు చరిత్రలో ఉంటాడు. చెప్పకపోతే శ్రమ మాత్రమే మిగులుతుంది. దీన్నే ఈ వ్యాసంలో తుడిచిన పేరు అంటున్నాను. తుడవడానికి దురుద్దేశం అక్కరలేదు, నమోదు చేయవలసిన చోట మౌనంగా ఉంటే చాలు.

4. చట్టం అడిగిన పేరు

ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకు 1847లో 20వ చట్టం ద్వారా గ్రంథస్వామ్యం వచ్చింది. దాని ప్రకారం హక్కు రచయిత జీవితకాలమూ ఆపై 7 ఏళ్లూ, లేదా ప్రచురణ నుంచి 42 ఏళ్లు. వీటిలో ఏది ఎక్కువైతే అది. 1867లో 25వ చట్టంగా ముద్రణాలయాల, గ్రంథాల నమోదు చట్టం వచ్చింది. తెలుగు పుస్తక చరిత్రకు ఈ రెండవ చట్టం చేసిన మేలు ఎక్కువ. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులను ప్రభుత్వానికి ఇవ్వాలి. పుస్తకం పేరు, భాష, రచయిత లేదా అనువాదకుడి పేరు, ముద్రాపకుడు, పుటలు, వెల, అచ్చువేసిన ప్రతుల సంఖ్య, గ్రంథస్వామ్యం ఉన్నవారి పేరు నమోదు కావాలి. మద్రాసు రాజధానిలో మూడు నెలలకొకసారి వెలువడిన పట్టికలు ఈ నమోదు ఫలితమే. పాత తెలుగు పుస్తకాల ముఖపత్రాల మీద కనిపించే 'సర్వస్వామ్యసంకలితము', 'కాపీరైటు రిజిస్టర్డ్' అన్న మాటలకు నేపథ్యం ఈ రెండు చట్టాలు.

1867 చట్టంలోని మూడవ సెక్షన్ ప్రత్యేకంగా గమనింపదగినది. అచ్చయిన ప్రతి పుస్తకం మీద ముద్రాపకుడి పేరు, ముద్రణస్థలం తప్పనిసరిగా ఉండాలని అది నిర్దేశించింది. కరపత్రం కూడా ఈ చట్టం దృష్టిలో పుస్తకమే. రచయిత పేరు ముఖపత్రం మీద ఉండితీరాలని ఆ సెక్షన్ అడగలేదు. కారణం ఊహించదగినదే. 1857 తిరుగుబాటు తరువాత పదేళ్లకు వచ్చిన చట్టమది. రాజ్యానికి అవసరమైంది పట్టుకోవడానికి ఒక మనిషి, ఒక చిరునామా. గ్రంథస్వామ్య చట్టం పేరును అడిగేది హక్కు ఇవ్వడానికి. ముద్రణ చట్టం పేరును అడిగేది జవాబుదారీ చేయడానికి. పేరు ఒకటే, అడిగే ఉద్దేశం రెండు. 156 ఏళ్లు నిలిచిన ఈ చట్టం స్థానంలో 2023లో పత్రికల నమోదు చట్టం వచ్చి, 2024 మార్చి 1 నుంచి అమలవుతోంది. కొత్త చట్టం పరిధిలో పుస్తకాలు లేవు.

1914లో వచ్చిన చట్టం బ్రిటన్ 1911 చట్టాన్ని కొన్ని మార్పులతో భారతదేశానికి వర్తింపజేసింది. హక్కు రచయిత మరణానంతరం 50 ఏళ్లకు పెరిగింది. అయితే ఇక్కడ మొదట ప్రచురితమైన రచనల విషయంలో అనువాదహక్కును మాత్రం మొదటి ప్రచురణ నుంచి 10 ఏళ్లకే పరిమితం చేసింది. ఆ లోపల రచయిత ఒక భాషలో అనువాదం వేయించుకుంటే తప్ప, ఆ తరువాత ఆ భాషలోకి ఎవరైనా అనువదించవచ్చు. బంకించంద్రుడు, శరత్‌చంద్రుడు తెలుగు పాఠకుల సొంత రచయితలయ్యేంతగా వంగ నవలలు తెలుగులోకి వచ్చిన కాలంలో అమలులో ఉన్నది ఈ నిబంధనే. అనువాద చరిత్ర రాసేటప్పుడు పాఠకాభిరుచితో పాటు ఈ 10 ఏళ్ల గడువునూ లెక్కలోకి తీసుకోవాలి.

5. వాల్తేరు ఉపాధ్యక్షుడు, కలకత్తా వ్యాజ్యం

1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలింది. కట్టమంచి రామలింగారెడ్డి తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులయ్యారు. ఆయన వాల్తేరుకు వచ్చేనాటికి కలకత్తా హైకోర్టులో ఆయన మీద ఒక వ్యాజ్యం నడుస్తోంది. తాను పరిశోధన కోసం సమర్పించిన రాతప్రతిలోని భాగాలు రాధాకృష్ణన్ 'ఇండియన్ ఫిలాసఫీ' రెండవ సంపుటంలో చేరాయని జదునాథ్ సిన్హా అనే తత్త్వశాస్త్ర అధ్యాపకుడు 1929లో 'మోడరన్ రివ్యూ' పత్రికలో ఆరోపించి, ఆ ఏడే దావా వేశారు. పరువునష్టం కలిగిందని రాధాకృష్ణన్ ఎదురు దావా వేశారు. ఒకే సంస్కృత మూలాలను ఇద్దరు వివరించేటప్పుడు పోలికలు తప్పవన్నది రాధాకృష్ణన్ పక్షం వాదన. 1933లో ఉభయులూ రాజీపడి రెండు దావాలనూ ముగించుకున్నారు. కోర్టు ఆరోపణ నిజమని చెప్పలేదు, అబద్ధమనీ చెప్పలేదు.

తీర్పు లేని వ్యాజ్యం గురించి తీర్పు చెప్పడం పరిశోధకుడి పని కాదు. ఇక్కడ గమనించవలసింది ఆ వివాదం లేవనెత్తిన ప్రశ్న. శాస్త్రగ్రంథాన్ని వివరించేవాడికి తన వివరణ మీద ఎంత హక్కు ఉంటుంది? మూలం అందరిదీ అయినప్పుడు వివరణలో వ్యాఖ్యాత సొంతమైనది ఏది? విషయం అందరిదీ, దాన్ని చెప్పిన తీరు మాత్రమే కర్తది అన్న సూత్రాన్ని 1978లో ఆర్. జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో ఇంకొక మెట్టు ఎక్కి, అందరి సొత్తయిన పాఠాన్ని పరిష్కరించి అచ్చువేసినవారికి తమ వివేకం, నైపుణ్యం కనిపించే చేర్పుల మీదే హక్కు ఉంటుందని నిర్ణయించింది. పాత కావ్యాలకు పీఠికలు, టీకలు రాసే తెలుగు పరిష్కర్తలందరికీ వర్తించే సూత్రమిది. మూలపాఠం ఎవరైనా తీసుకోవచ్చు. పీఠిక, టీక మాత్రం పరిష్కర్తవే.

6. పేరు లేని రెండు రచనలు

విశాఖపట్నం నుంచి తెలుగు ప్రజాజీవితంలోకి వెళ్లిన రచనల్లో అత్యంత ప్రభావం చూపినవాటిలో రెండింటికి కర్త పేరు లేదు.

మొదటిది 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అన్న నినాదం. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం సాగింది. టి. అమృతరావు విశాఖపట్నంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న నగరంలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 2021 జనవరిలో కేంద్రం ఆ సంస్థలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా అంగీకరించినప్పుడు, అయిదున్నర దశాబ్దాల నాటి ఆ నినాదమే మళ్లీ గోడల మీదికి వచ్చింది.

నిర్మాణపరంగా ఇది ఒక చిన్న పద్యం. రెండు ముక్కల్లోనూ అయిదేసి అక్షరాలు, ఏడేసి మాత్రలు. ఉక్కు, హక్కు అన్న అంత్యప్రాస. మొదటి ముక్కలో స్థలం, వస్తువు. రెండవ ముక్కలో జనం, అధికారం. క్రియాపదం లేదు. జ్ఞాపకం ఉండటానికి కావలసినవన్నీ ఉన్నాయి. అయినా చట్టం దీన్ని సాహిత్యకృతిగా రక్షించదు. పేర్లకు, శీర్షికలకు, పొట్టి పదబంధాలకు గ్రంథస్వామ్యం వర్తించదన్నది న్యాయస్థానాల వైఖరి. సినిమా శీర్షిక మీద ఆ హక్కు ఉండదని 2015లో క్రిషికా లుల్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈ నినాదాన్ని ఎవరైనా రాయవచ్చు, అరవవచ్చు, చొక్కా మీద అచ్చువేసుకోవచ్చు. నినాదం లక్ష్యం కూడా అదే. అరిచే ప్రతివాడూ అది తన మాటే అనుకోవాలి. మధ్యలో కర్త పేరు వస్తే ఆ అనుభూతి సడలిపోతుంది.

రెండవది 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తి సభల్లో పంచిన కరపత్రం. శ్రీకాకుళ గిరిజనోద్యమం సాగుతున్న సమయంలో, రచయితలు ఏ పక్షాన ఉన్నారో తేల్చుకోవాలని నిలదీసిన ఆ పత్రం కింద 'విశాఖ విద్యార్థులు' అన్న సంతకం మాత్రమే ఉంది. ఆ ప్రశ్న రేపిన కలకలం అదే ఏడు జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పాటుకు దారితీసిన పరిణామాల్లో ముఖ్యమైనదిగా సాహిత్యచరిత్రకారులు గుర్తిస్తారు. శ్రీశ్రీ ఆ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆధునిక తెలుగు సాహిత్యంలో అతి ప్రసిద్ధమైన పేరును ఒక పేరులేని కాగితం ప్రశ్నించి కదిలించింది.

చట్టం ఈ కరపత్రాన్ని అజ్ఞాతకర్తృక రచనగా చూస్తుంది. 1957 చట్టం 23వ సెక్షన్ ప్రకారం అలాంటి రచన మీద హక్కు ప్రచురణ నుంచి లెక్కకు వస్తుంది. 1992 సవరణ తరువాత ఆ గడువు 60 ఏళ్లు. ఆ లెక్కన 1970 నాటి కరపత్రం 2030 చివరి వరకు గ్రంథస్వామ్యం కిందే ఉంటుంది. కర్త బయటపడేదాకా 54వ సెక్షన్ ప్రకారం ప్రచురణకర్తే యజమాని. ఉచితంగా పంచడానికి, ఎవరిదో తెలియకుండా ఉండటానికి రాసిన కాగితానికి చట్టం తానుగా ఒక యజమానిని వెతుకుతోంది.

ఈ రెండు రచనల్లోనూ పేరు లేకపోవడం లోపం కాదు. నినాదంలో అది సమష్టిగుణం. కరపత్రంలో అది సమష్టిగుణమూ, ఆనాటి నిర్బంధ వాతావరణంలో ఆత్మరక్షణా. దీన్ని విడిచిన పేరు అంటున్నాను. ఆనందరాయర్ పేరు వెనక్కి జరగడానికీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ పేరు వద్దనుకున్నది రాసినవారే.

7. శ్రీశ్రీ: చేతిరాత, గొంతు, సినిమా పాట

1910 ఏప్రిల్ 30న విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ రచనల విషయంలో కర్త గుర్తు ఇంకొక కొసకు చేరింది. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం' 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి పూనికతో కవి సొంత చేతిరాతలో అచ్చయింది. తోడుగా శ్రీశ్రీ స్వయంగా చదివిన కవితల క్యాసెట్టు వచ్చింది. అక్షరాలు పేర్చే అచ్చులో అదృశ్యమైన కవి చేయి, ఆఫ్‌సెట్ ముద్రణ వల్ల మళ్లీ కాగితం మీదికి వచ్చింది. క్యాసెట్టు వల్ల గొంతు కూడా ఇంటికి చేరింది. ఈ కవితలు శ్రీశ్రీవేనా అన్న సందేహానికి ఇంతకంటే గట్టి సమాధానం ఉండదు.

చట్టం మాత్రం ఆ ఒక్క వస్తువును రెండుగా చూస్తుంది. శ్రీశ్రీ 1983 జూన్ 15న మరణించాడు. కవితల మీద హక్కు మరణించిన ఏడాది తరువాతి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లు, అంటే 2043 చివరి వరకు. ధ్వనిముద్రణ మీద హక్కు ప్రచురణను బట్టి లెక్కకు వస్తుంది. భారతీయ చట్టం ప్రకారం 1981 నాటి ముద్రణకు అది 2041తో ముగుస్తుంది. కవి గొంతు మీద హక్కు ముందు, ఆ గొంతు పలికిన మాటల మీద హక్కు తరువాత ముగుస్తాయి. ఇక గాయకులకు, పాఠకులకు ప్రదర్శకులుగా ప్రత్యేక హక్కు మన చట్టంలోకి వచ్చింది 1994 సవరణతోనే. క్యాసెట్టు వచ్చేనాటికి అది లేదు.

శ్రీశ్రీ సినిమా పాటలది వేరే కథ. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' పాటకు ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. పేరుకు లోటు లేదు. డబ్బు విషయంలో 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నిర్మాతల వైపు మొగ్గింది. నిర్మాత పారితోషికమిచ్చి రాయించుకున్న పాట సినిమాలో చేరాక, వ్యతిరేక ఒప్పందం లేకపోతే, దాని హక్కులకు నిర్మాతే మొదటి యజమాని అన్నది దాని సారాంశం. పాటల రచయితకు రాయల్టీలో వదులుకోవడానికి వీలులేని వాటాను 2012 సవరణ కల్పించింది. శ్రీశ్రీ తరం కవులు అప్పటికి లేరు.

ఇక్కడ 57వ సెక్షన్‌ను ప్రస్తావించాలి. ఆర్థిక హక్కులన్నీ అమ్మేసుకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అభ్యంతరపెట్టే హక్కు కర్తకు మిగులుతాయని అది చెప్తుంది. హిందీ రచయిత్రి మన్నూ భండారి తన నవల 'ఆప్ కా బంటీ'ని సినిమాగా మార్చిన తీరు మీద కోర్టుకు వెళ్లినప్పుడు ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్‌కు విస్తృతార్థం చెప్పింది. 2012 సవరణ తరువాత కర్త వారసులు కూడా కర్తృత్వాన్ని ప్రకటించుకునే హక్కును వినియోగించుకోగలరు. అయితే తాను రాయనిదాన్ని తన పేరుమీద ప్రచారం చేయడాన్ని ఈ సెక్షన్ విడిగా పేర్కొనదు. బ్రిటన్ 1988 చట్టంలో దానికి ప్రత్యేక నిబంధన ఉంది. శ్రీశ్రీ కవితను వేరొకరి పేరుతో వేస్తే మన చట్టంలో జవాబు ఉంది. వేరొకరి పంక్తులను శ్రీశ్రీ నెత్తిన పెడితే సూటి జవాబు లేదు.

8. తెర మీది రచన

2000 తరువాత రాజ్ రెడ్డి వంటి శాస్త్రవేత్తల చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో, దాని భారతీయ భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. జిల్లా గ్రంథాలయాల్లో చెదలు తింటున్న పుస్తకాలు పరిశోధకుడి బల్ల మీదికి వచ్చాయి. ఈ మేలును తక్కువ చేయలేం. కానీ స్కాన్ చేసేటప్పుడు పుస్తకం పేరు, కర్త పేరు ఆంగ్లాక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు నమోదు చేయడం వల్ల ఎన్నో పుస్తకాలు తెర మీద ఉండి కూడా దొరకవు. కర్త పేరు తప్పుగా నమోదైన పుస్తకం గ్రంథాలయంలో తప్పు బీరువాలో పెట్టిన పుస్తకంతో సమానం. పేరు తుడవడానికి మౌనం చాలునని పైన అన్నాను. తప్పు అక్షరం కూడా చాలు.

హక్కుల లెక్క ఇక్కడ అందరికీ అవసరమవుతుంది. గురజాడ అప్పారావు 1915 నవంబరు 30న మరణించారు. ఆయన రచనల మీద హక్కు 1965తో ముగిసింది. 'కన్యాశుల్కం'ను ఎవరైనా అచ్చువేయవచ్చు, తెర మీద పెట్టవచ్చు. శ్రీశ్రీ రచనల విషయంలో 2043 వరకు అనుమతి కావాలి. విశాఖ సముద్రతీరపు దారిలో విగ్రహాలుగా ఉన్న ఇద్దరిలో ఒకరి రచనలు అందరివీ, మరొకరివి ఇంకా వారసులవి. హక్కుదారు జాడ తెలియని పుస్తకాల విషయంలో 31ఎ సెక్షన్ కింద అనుమతి కోరే మార్గం ఉంది. లాభాపేక్ష లేని గ్రంథాలయం తన వద్ద ఉన్న ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవడానికి 2012 సవరణ అవకాశమిచ్చింది. అధ్యాపకుడు పాఠం కోసం భాగాలు నకలు తీయించడం బోధనలో భాగమేనని 2016లో ఢిల్లీ హైకోర్టు విశ్వవిద్యాలయ ఫొటోకాపీ కేసులో అంగీకరించింది.

తెలుగు వికీపీడియా, వికీసోర్సు వంటి సామూహిక కృషిలో కనిపించే పద్ధతి పరిశీలించదగినది. వికీపీడియాలో రాసినదాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు కూడా. షరతులు రెండే: రాసినవారికి గుర్తింపు ఇవ్వాలి, మార్చిన ప్రతిని అదే షరతులతో ఇతరులకు ఇవ్వాలి. ఆస్తిహక్కును వదులుకొని పేరును నిలుపుకునే ఈ ఒప్పందం ఆశ్వాసాంత గద్యకు దగ్గరి చుట్టం. తాళపత్రాన్ని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, గద్యను మాత్రం తీసేయకూడదు. మన పూర్వులు చట్టం లేకుండా పాటించిన మర్యాద అది.

కృత్రిమమేధ ఈ మర్యాదకు కొత్త పరీక్ష. 2024లో ఒక భారతీయ వార్తాసంస్థ ఢిల్లీ హైకోర్టులో ఓపెన్ఎఐ మీద వేసిన దావాలో ప్రధాన ప్రశ్న, అనుమతి లేకుండా పాఠాలను యంత్రానికి నేర్పవచ్చునా అన్నది. అది ఆస్తిహక్కు ప్రశ్న. తెలుగుకు సంబంధించి దానికంటే తక్షణమైనది పేరు ప్రశ్న. తప్పు పేర్లతో తిరిగే పంక్తులను చదివి నేర్చుకున్న యంత్రం అవే తప్పులను మరింత నమ్మకంగా తిరిగి చెప్తుంది. వేమన మకుటం చేసిన పనిని అది కొన్ని క్షణాల్లో చేయగలదు.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, కర్త పేరు లేకపోవడం తెలుగులో కొత్త విషయం కాదు; చాటువు, మకుటం ఆ చరిత్రలో భాగం. రెండు, చట్టం పేరును కొన్నిసార్లు హక్కు కోసం, కొన్నిసార్లు నిఘా కోసం అడిగింది; 1867 చట్టంలో ముద్రాపకుడి పేరు తప్పనిసరి కావడం ఇందుకు నిదర్శనం. మూడు, ఉక్కు నినాదం, విశాఖ విద్యార్థుల కరపత్రం పేరును తామే విడిచిన రచనలు. వాటి బలం అందులోనే ఉంది. నాలుగు, తొలి అనువాదాల్లో వెనుకబడిన పండితుల పేర్లు, నమోదులో చెడిపోయిన పేర్లు తుడుచుకుపోయినవి; వాటిని తిరిగి నిలపడం పరిశోధన బాధ్యత. అయిదు, గడువు ముగిస్తే ఆస్తిహక్కు పోతుంది, కర్తృత్వం పోదు. గురజాడ రచన అందరిదీ అయినంత మాత్రాన అది గురజాడది కాకపోదు.

కాబట్టి పేరు లేని పంక్తి ఎదురైనప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, ఈ పేరును విడిచారా, తుడిచారా అన్నది. విడిచినదైతే ఆ నిర్ణయాన్ని గౌరవించి 'విశాఖ విద్యార్థులు' అనే రాయాలి. అత్యుత్సాహంతో పేర్లు అంటించకూడదు. తుడిచినదైతే వెతకాలి. వెతికినా దొరకకపోతే 'కర్త తెలియదు' అని రాయడం, ప్రసిద్ధుడి పేరు రాయడం కంటే నిజాయితీ. శ్రీశ్రీ పేరుతో వచ్చిన నాలుగు పంక్తులను తెచ్చిన విద్యార్థిని సంపుటాల దగ్గరకు పంపడంతో ఈ పని మొదలవుతుంది. ఆ పంక్తులు అక్కడ లేవని అతడే కనుక్కుంటే, ఎవరో ఒక అజ్ఞాత కవికి చేరవలసిన మర్యాద కోసం వెతికేవారు ఒకరు పెరిగినట్లే.